అర మైలుతో మొదలైన పరుగు

సాయంత్రం ఆటల బెల్లు కొట్టగానే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తమంటే, మూడో రౌండుకే కడుపు పట్టుకుని చెట్టు కింద కూర్చునేవాళ్ళం మనలో చాలామందిమి. పాత విద్యార్థులైన అన్నలు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక పరుగు గురించి రాయాలనుకున్నాం. అది పతకం కోసం చేసిన పరుగు కాదు. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగుచేయడానికి ఒక యువకుడు ఒక మామూలు కాలు, ఒక కృత్రిమ కాలుతో చేసిన పరుగు. అతని పేరు టెర్రీ ఫాక్స్. దేశం కెనడా.

పొట్టివాడి పట్టుదల

టెర్రీ 1958లో పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. ఎనిమిదో తరగతిలో టెర్రీకి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. కానీ మనిషి పొట్టి, ఆట అంతంతమాత్రం. ఆ ఏడాది మొత్తం మీద అతనికి దక్కిన ఆట ఒక్క నిమిషం. అయినా రోజూ అభ్యాసం మానలేదు. పదో తరగతికల్లా జట్టులో స్థానం సంపాదించాడు.

1976 నవంబరులో అతని కారు ఇంకో బండిని గుద్దింది. మోకాలికి దెబ్బ తగిలింది. తర్వాత నొప్పి మొదలైతే ఆ దెబ్బ వల్లేనేమో అనుకున్నాడు. ఆటల సీజన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. 1977 మార్చిలో నడవలేక ఆసుపత్రికి వెళితే ఎముక క్యాన్సర్ అని తేలింది. కుడి కాలిని మోకాలి పైన తొలగించారు. అప్పటికి అతని వయసు 18.

బతికే అవకాశం సగానికి సగం ఉందని డాక్టర్లు చెప్పారు. రెండేళ్ళ ముందైతే అది నూటికి 15 మాత్రమేనట. ఆ తేడా కొత్త మందుల వల్ల వచ్చింది. కొత్త మందులు పరిశోధన వల్ల వచ్చాయి. పరిశోధనకు డబ్బు కావాలి. టెర్రీకి ఈ లెక్క బాగా అర్థమైంది. చికిత్స సమయంలో వార్డులో తన తోటి పిల్లల బాధ కళ్ళారా చూశాడు. తాను బయటపడ్డాక వాళ్ళను మరచిపోకూడదనుకున్నాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి అతని పాత కోచ్ ఒక పత్రిక తెచ్చి ఇచ్చాడు. కృత్రిమ కాలుతో 1976 న్యూయార్క్ మారథాన్ పూర్తి చేసిన డిక్ ట్రామ్ గురించి అందులో వ్యాసం ఉంది. దేశం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరిగెత్తాలన్న ఆలోచనకు విత్తనం అక్కడ పడింది.

శిక్షణ ఎలా సాగింది?

1979 ఫిబ్రవరిలో శిక్షణ మొదలైంది. మొదట్లో అర మైలు, అంటే కిలోమీటరు కూడా లేని దూరం పరిగెత్తడమే గగనమైంది. అప్పటి కృత్రిమ కాలు నడవడానికి చేసింది, పరిగెత్తడానికి కాదు. అది ముందుకు వచ్చి నిలదొక్కుకునేలోపు మంచి కాలి మీద రెండుసార్లు గెంతాలి. అతని పరుగులో కనిపించే ఆ గెంతుకు కారణం ఇదే. కాలు తొలగించిన చోట బొబ్బలు లేచేవి, రక్తం కారేది.

దూరాన్ని ఒక్కసారిగా పెంచలేదు, కొద్దికొద్దిగా పెంచాడు. ఆ ఏడాది ఒక పోటీలో పాల్గొని అందరికంటే చివర వచ్చాడు. అయినా పూర్తి చేశాడు. ఒక దశలో వరసగా 101 రోజులు పరిగెత్తాడు. తల్లి బతిమాలితే క్రిస్మస్ రోజు ఆగాడు. శిక్షణలోనే మొత్తం 5,000 కిలోమీటర్లు దాటాడు.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ నగరం దగ్గర కృత్రిమ కాలిని అట్లాంటిక్ సముద్రంలో ముంచి బయలుదేరాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు, అంటే రోజుకొక మారథాన్. వెంట ఒక వ్యాను, దాన్ని నడిపే స్నేహితుడు. మొదటి రోజుల్లో ఎదురుగాలి, మంచు. పట్టించుకున్నవాళ్ళూ తక్కువే. ఒంటారియో చేరేసరికి ఊళ్ళకు ఊళ్ళే రోడ్డు మీదికి వచ్చాయి.

అతను అడిగింది తలకు ఒక్క డాలరు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు నడిచిన ఆ పరుగు సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయింది. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్ 28న, 23వ పుట్టినరోజుకు ఒక నెల ముందు, అతను కన్నుమూశాడు. అప్పటికే విరాళాలు 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. ఆనాటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే. 1981 నుంచి ఏటా అతని పేరున పరుగు జరుగుతోంది. మన దేశంలో చెన్నై ఐఐటి ఆవరణలో కూడా జరిగింది.

మనం నేర్చుకోవలసింది, నేర్చుకోకూడనిది

మిత్రులారా, టెర్రీ పట్టుదలకు నమస్కరిద్దాం. కానీ ఒక విషయంలో అతన్ని అనుసరించవద్దు. నొప్పి దాచవద్దు. అతను మొదట మోకాలి నొప్పి దాచాడు. పరుగు మధ్యలో డాక్టరు పరీక్షలకు వెళ్ళడమూ మానేశాడు.

ఈ రకం ఎముక క్యాన్సర్ అరుదు. కానీ వస్తే ఎక్కువగా మన వయసులోనే, ఎముకలు గబగబా పెరిగే రోజుల్లోనే, మోకాలి చుట్టూ వస్తుంది. మోకాలి నొప్పులన్నీ క్యాన్సర్ కావు. అయితే వారాల తరబడి తగ్గని నొప్పి, రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి, వాపు ఉంటే వార్డెన్ సారుకు చెప్పాలి. ఒక ఎక్స్‌రేతో చాలా విషయం తెలుస్తుంది. ఇంటికి పంపేస్తారేమో, టీంలోంచి తీసేస్తారేమో అని మనం దాస్తాం. ఆ భయం ఖరీదు చాలా ఎక్కువ. ముందుగా కనిపెడితే ఈ రోజుల్లో చాలామందికి కాలు తొలగించకుండానే, జబ్బు ఉన్న ఎముక భాగం తీసి లోహపు భాగం అమరుస్తున్నారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇక పరుగు సంగతి. రేపటి నుంచి ఒక రౌండుతో మొదలుపెడదాం. మాట్లాడగలిగేంత వేగం చాలు. వారానికి కాస్త పెంచుదాం. వారంలో ఒక రోజు విశ్రాంతి తీసుకుందాం.

విరాళం సంగతి కూడా అంతే. వంద మంది ఉన్న హాస్టల్లో తలకు రూపాయి వేస్తే వంద రూపాయలే. వెయ్యి హాస్టళ్ళు వేస్తే లక్ష. వార్డెన్ సారు అనుమతితో, పైసా పైసాకు లెక్క రాసి నోటీసు బోర్డు మీద పెడదాం. పాత విద్యార్థులైన అన్నలూ అక్కలూ తమ రూపాయి కలుపుతారని మా ఆశ.

అర మైలుతో మొదలైన పరుగు ఎంత దూరం వెళ్ళిందో చూశాం కదా. మన ఒక్క రౌండును తక్కువగా చూడనక్కర లేదు.