అడుగు వెంట నడచు పియానో

మామిడికుదురు పరిసరాలలో జాతరల వేళ గరగ నృత్యము జరుగును. గరగను తలపై నిలుపుకొని ఆడువాడు వడిగా తిరిగినచో డప్పు దెబ్బలు దగ్గరపడును; నెమ్మదించినచో విడివడును. వాయించువాని చూపు ఆడువాని పాదాలపై నుండును.

ఈ పద్ధతినే పియానోతో బాలుర విద్యలో ప్రవేశపెట్టినవాడు స్విట్జర్లాండు సంగీతాచార్యుడు ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ (1865–1950). 1915లో ఆయన పేర జెనీవాలో విద్యాలయము వెలసినది. ఈ తరగతులలో ఉపాధ్యాయుడు వ్రాసియున్న పాటను చూచి వాయింపడు. బాలుని నడకను చూచి, మన మనోధర్మ సంగీతము వలె, అప్పటికప్పుడే కల్పించును.

ముందుగా బాలుని నడకనే ఏల అనుసరింపవలెను? నడచునప్పుడు కాలు కొంతవరకు లోలకము వలె ఊగును. లోలకపు డోలనకాలము పొడవు యొక్క వర్గమూలమునకు అనుపాతములో నుండునని విద్యార్థులకు తెలిసినదే. పెద్దవాని కాలు 81 సెంటీమీటర్లు, బాలునిది 49 సెంటీమీటర్లు అనుకొందము. వర్గమూలములు 9, 7. కనుక పెద్దవాడు నిమిషమునకు 105 అడుగులు వేయుచో, బాలునికి సుమారు 135 అడుగులు సహజమగును. కండరముల బలము వలన ఈ లెక్క కొంత మారును గాని మొత్తముమీద చిన్న కాలు వేగముగనే ఊగును. డ్రిల్లులో ఉపాధ్యాయుడు తన అడుగునకు తగిన తాళము వేసి, తడబడిన బాలునికి తాళజ్ఞానము లేదని ప్రక్కన కూర్చుండబెట్టుట అన్యాయము. ఆ బాలుని చెవి సరిగానే విన్నది.

హార్మోనియములో గాలి ఆడునంతసేపు ధ్వని నిలుచును. పియానోలో సుత్తి తీగను తాకగానే ధ్వని పుట్టి, వెంటనే తగ్గనారంభించును. స్పష్టమైన ఆ మొదటి క్షణమే పాదమునకు గుర్తు. ఎడమచేతి మంద్రస్వరము అడుగును చూపగా కుడిచేయి పాటను అల్లును. నడకకు సమమైన దెబ్బలు చాలును. గెంతుచు పోవుటకు తిశ్రగతి కావలెను: మొదటి రెండు మాత్రలకు అడుగు, మూడవదానికి అదే కాలిపై గెంతు.

ధ్వని విని కదలుటకు సుమారు ఆరవవంతు సెకను పట్టును. అయినను పిల్లల అడుగు దెబ్బతో కలిసియే పడును. ఏలనన, రాబోవు దెబ్బను మెదడు ముందే ఊహించును. అందువలన నడకనుండి పరుగునకు మార్చదలచినచో ఒక ఆవర్తము ముందుగనే స్వరములను పైకి నడిపి సూచన ఇయ్యవలెను.

పియానో లేనిచోట డోలక్ గాని, బల్లపై చేతిదెబ్బ గాని సరిపోవును. బాలుని తన ఇష్టప్రకారము ఇరువది అడుగులు నడువనిచ్చి, పట్టిన సెకనులను ఇరువదితో భాగించినచో వాని అడుగుకాలము లభించును. తొలి దెబ్బలు ఆ కాలమునకే వేసి, అడుగు కుదిరిన పిమ్మట వేగమును మెల్లగా మార్పవచ్చును.