తారిణి: ఒక తెరచాప నావ జీవితము

మేళ్లచెరువు పరిసరముల సిమెంటు కర్మాగారములకు ఆధారమైన సున్నపురాయి, ఈ ప్రాంతము సముద్రజలముల క్రింద మునిగియుండిన అతిప్రాచీన కాలమున పొరలుపొరలుగా పేరుకొన్నదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ కడలి యెన్నడో తొలగిపోగా, నేడు సముద్రదర్శనమునకు బాపట్లకో మచిలీపట్టణమునకో పోవలసిన మనకు తెరచాప యనగానే కృష్ణలో సరకులు మోసిన పడవలు స్ఫురించునే గాని, గాలినే నమ్ముకొని భూగోళమును చుట్టివచ్చు యంత్రము స్ఫురింపదు.

అట్టి యంత్రమే తారిణి. గోవాలో అక్వేరియస్ షిప్‌యార్డు వారు నిర్మింపగా 2017 ఫిబ్రవరి 18న భారత నౌకాదళమున చేరిన యీ నావ పొడవు 17 మీటర్లు. కొయ్యకు ఇరువైపుల ఫైబర్‌గ్లాసు పొరలు అతికి దాని దేహమును మలచిరి. తెరచాప గాలికి అడ్డుగా నిలుచు గుడ్డ మాత్రమే యైనచో నావ గాలివాటునకే పోవలసి వచ్చును. కాని వంపుదిరిగిన చాపకు ఒకప్రక్క గాలి వేగము హెచ్చి పీడనము తగ్గుటచే ప్రక్కకును ముందుకును లాగు బలము పుట్టును. అడుగున నీటిలోనికి దిగియున్న బరువైన కీల్ ఆ ప్రక్కలాగును నిరోధింపగా, మిగిలిన బలముతో నావ ఎదురుగాలికి సుమారు 45 డిగ్రీల కోణమున, వంకరటింకరగా నైనను, ముందునకే సాగును.

విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య సభ్యులుగా, వర్తికా జోషి నాయకత్వమున ఆర్గురు నౌకాదళాధికారిణులు 2017 సెప్టెంబరు 10న తారిణిపై భూప్రదక్షిణమునకు గోవానుండి బయలుదేరి, 254 దినములలో 21,600 నాటికల్ మైళ్లు పయనించి, 2018 మే 21న తిరిగివచ్చిరి. అందు పసిఫిక్ మహాసముద్రమును దాటుటకే దాదాపు 40 దినములు పట్టెను. హార్న్ అగ్రమును చుట్టి జనవరిలో ఫాక్లండ్ దీవుల పోర్ట్ స్టాన్లీ రేవు చేరిన తారిణి ఫిబ్రవరిలో గాని మరల కదలలేదు.

నడిసంద్రమున వంతులు వేసికొని చుక్కానికి కావలియుండు నావికులకు నావను నడుపుటయే సరిపోవును. దానిని ఆపాదమస్తకము పరీక్షించు తీరిక ద్వీపపు రేవులోనే చిక్కును. ఉప్పుచారలను మంచినీట కడుగుట, కప్పీలకు రాసుకొని పేటలు తెగిన మోకులను మార్చుట, చిరిగిన చాపను విప్పి కుట్టుట, మోకున వ్రేలాడు పీటపై ఒకరిని తెరచాప కొయ్య కొసకు లాగి అచ్చటి బిగింపులను తడవి చూచుట, అడుగున ఊరిన నీరు తోడుట, చెమ్మపట్టిన పడకబట్టలను ఎండవేయుట, తొట్లు నింపి బియ్యము, పప్పు లెక్కచూచి మూలమూలలను సర్దుట రేవులో ఇట్టి నావ దినచర్య. రాత్రియైనను నిశ్చింత లేదు. మోకు సడలి నావ గట్టునకు ఒరసికొనుచున్నదేమోయని లేచి చూడవలెను.

ఈ శ్రద్ధ విలువ 2018 ఏప్రిలులో వెల్లడియయ్యెను. చుక్కానిని త్రిప్పు యంత్రాంగము చెడగా, తలపెట్టని మజిలీయైన మారిషస్ దీవి పోర్ట్ లూయీ రేవున ఆగి, మరమ్మతు ముగిసిన పిమ్మటనే వారు గోవాదారి పట్టిరి. ఆ నావయే 2024 అక్టోబరులో, ఈసారి ఇద్దరే అధికారిణులతో, మరల బయలుదేరి 2025 మేలో రెండవ ప్రదక్షిణము ముగించెను. గాలి యేటేట ఉచితముగా దొరకును. నావకు ఆయుర్దాయము మాత్రము రేవులో చెమటోడ్చి సంపాదింపవలసినదే.