సర్వర్ ‘ఆగండి’ అన్నప్పుడు...

బిలాస్‌పూర్ పక్కనే ఉన్న తిఫ్రాలో కొందరు విద్యార్థులు, రైళ్ల ఆలస్యంపై సామాజిక మాధ్యమాల్లో వచ్చే పోస్టులను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేశారనుకుందాం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం బిలాస్‌పూరే కాబట్టి అక్కడ ఇలాంటి సాధనం ఎందరికో పనికొస్తుంది. మామూలు రోజుల్లో అది చక్కగా నడుస్తుంది. భారీ వర్షానికి బళ్లు నిలిచిపోయిన రోజున మాత్రం గ్రాఫు ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుంది. జనం రాయడం మానలేదు, సర్వర్ జవాబివ్వడం మానేసింది.

పరిమితి ఎందుకు?

ఇలాంటి సాధనాలు ఏపీఐ అనే ద్వారం గుండా సర్వర్‌ను సమాచారం అడుగుతాయి. ఒక్కో అభ్యర్థనకు కొన్ని పోస్టులే వస్తాయి. పోస్టులు పెరిగితే అభ్యర్థనలూ పెరుగుతాయి. ఒక్కరే సర్వర్‌ను ఆక్రమించకుండా సంస్థలు హద్దు పెడతాయి. పాత ట్విట్టర్ ఏపీఐలో ఒక ఖాతా తరఫున 15 నిమిషాల్లో 180 సార్లు వెతికే వీలుండేది. ఒక్కోసారి గరిష్ఠంగా 100 పోస్టులు, అంటే మొత్తం 18,000. వ్యాపార కారణాలూ ఉంటాయి. 2023లో ఆ సంస్థ పాత ఉచిత సౌకర్యాన్ని ఎత్తివేసింది.

హద్దు దాటితే సర్వర్ 429 అనే సంకేతం పంపుతుంది. ‘అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయి’ అని దాని అర్థం. ఎంతసేపు ఆగాలో కూడా కొన్నిసార్లు చెబుతుంది.

టోకెన్ల లెక్క

సింగిల్ లైను మార్గంలో టోకెన్ చేతికి రానిదే డ్రైవరు బండిని తర్వాతి సెక్షన్‌లోకి తీసుకెళ్లని పద్ధతి రైల్వేలో ఉండేది. ‘టోకెన్ బకెట్’ విధానమూ కొంత అలాంటిదే. బకెట్‌లో టోకెన్లు నిర్ణీత వేగంతో చేరుతుంటాయి. ప్రతి అభ్యర్థనకూ ఒకటి ఖర్చవుతుంది. బకెట్ ఖాళీ అయితే వేచి ఉండాల్సిందే. సాధనంలోనే ఈ లెక్క పెట్టుకుంటే 429 దాకా వెళ్లే అవసరం అరుదుగా వస్తుంది.

పొదుపు కూడా ముఖ్యమే. యూట్యూబ్ ఏపీఐలో చాలాకాలంగా ఉన్న సాధారణ కోటా రోజుకు 10,000 యూనిట్లు. ఒక్క వెతుకులాటకు 100 యూనిట్లు ఖర్చవుతాయి. అదే ఒక చానల్ అప్‌లోడ్ జాబితాలో 50 వీడియోల వివరాలు ఒక్క యూనిట్‌కే వస్తాయి. ఏ చానళ్లను గమనించాలో ముందే తెలిస్తే వెతకడం దండగ. ఒకసారి తెచ్చిన వివరాలను దాచుకుంటే మళ్లీ అడగనక్కర్లేదు.

మళ్లీ ఎప్పుడు అడగాలి?

విఫలమైతే 1, 2, 4, 8 సెకన్లు... ఇలా విరామాన్ని రెట్టింపు చేస్తూ పోవాలి. దానికి కొంత యాదృచ్ఛిక సమయం కలపాలి. లేకపోతే ఆగిన సాధనాలన్నీ ఒకే క్షణంలో మళ్లీ మీదపడతాయి. 1971లో హవాయిలో మొదలైన అలోహా రేడియో నెట్‌వర్క్ కూడా, సందేశాలు ఢీకొన్నప్పుడు యాదృచ్ఛిక విరామం తర్వాతే వాటిని తిరిగి పంపేది.

సమాచారం అందని సమయాన్ని ‘సున్నా’గా కాక, ‘అందలేదు’ అని నమోదు చేయడం అన్నిటికన్నా ముఖ్యం. వరద వేళ ఆ గ్రాఫు చూసి సహాయం ఎటు పంపాలో నిర్ణయించే వారికి, ‘ఫిర్యాదులు లేవు’ అన్నదానికీ ‘మనకు వినబడలేదు’ అన్నదానికీ తేడా తెలియాలి.