దూరము పోవు చక్రము: క్రొత్తవానికి తగినది యేది?



మన పల్లెలనుండి పోయి అమెరికాలో కాపురముండు బిడ్డల యిండ్లకు మనము పోయినప్పుడు, అచ్చటి మనుమలు "తాతా, నాకొక డ్రైవరు కొనిపెట్టవా?" యని యడుగుట కలదు. వారడుగునది బండి తోలు మనిషిని గాదు. డిస్క్ గాల్ఫు అను నాటలో మిక్కిలి దూరము విసరుటకై వాడు చక్రమునకు డ్రైవరని పేరు. అంగడిలో నిట్టివి లెక్కకు మిక్కిలిగా నుండును. క్రొత్తగా నేర్చువాని చేతికి తగినదేదో తెలియక, అన్నిటికంటె వేగమైనదని చెప్పినదానిని కొనియిచ్చినచో, ఆ బిడ్డ నాలుగు దినములు విసరి, చక్రము మాట వినలేదని విసిగి, భుజము నొప్పి తెచ్చుకొని, ఆటనే మానివైచును. తెరముందు కూర్చుండు పిల్లవానిని లేపి, చెట్లనీడను రెండు మూడు మైళ్ళు నడిపించు నాట చేజారుట చిన్న నష్టము కాదు. అరువదియేండ్లు దాటిన పిదప నేను ఉత్తర కరోలీనాలోని షార్లట్ నగరపు తోటలలో మనుమనితో కూడ రెండు వేసవులు ఈ చక్రములు విసరితిని. తెలిసినంత మనవి చేసెదను.

ఆట సంగతి ముందు క్లుప్తముగా చెప్పెదను. తోటలో నచ్చటచ్చట ఇనుప స్తంభములు నాటి, వానికి గొలుసులు వ్రేలాడదీసి, క్రింద బుట్ట యమర్తురు. గుర్తించిన చోటినుండి చక్రమును విసరి, అది పడిన తావునుండి మరల విసరుచు, ఎన్ని మార్లకు బుట్టలో వేసితిమో లెక్కింతురు. తక్కువ మార్లకు వేసినవాడు గెలుచును. సాధారణముగా పదునెనిమిది బుట్టలుండును. ఈ యాటకు మొదటి స్థిరమైన మైదానము 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ తోటలో నేర్పడినది. గొలుసుల బుట్టను కల్పించిన ఎడ్ హెడ్రిక్ అనునతడే దానిని ఏర్పరచెను. 1976లో ఆటగాండ్ర సంఘమును గూడ స్థాపించెను. 2002లో నతడు చనిపోగా, అతని కోరికమేరకు చితాభస్మమును కొన్ని చక్రముల పదార్థములో కలిపి పోతపోసిరి. మనము గోదావరిలో కలుపుదుము. అతనికి గాలిలో నెగురవలెనని యుండెను.

రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు. కావున ఇంట నంచుగల సత్తుపళ్ళెమున్నచో దానిని బోర్లించి చేతబట్టుకొని వినుడు. చక్రపు రూపు ఇంచుమించుగా నదియే. క్రిందికి దిగిన యంచునకు లోపల నాలుగు వ్రేళ్ళును, పైన బొటనవ్రేలును ఉంచి పట్టుదురు. బుట్టకు దగ్గరనుండి వేయు చక్రమును పట్టరందురు. దాని యంచు మొద్దుగా నుండును. డ్రైవరు అంచు వెడల్పుగానుండి, కొనకు వచ్చుసరికి పలుచనై గాలిని చీల్చుకొనిపోవును. అమెరికాలోని ఇన్నోవా సంస్థవారు 1983లో ఇట్లు అంచును వాలుగా తీర్చిన చక్రమును తెచ్చినది మొదలు, ఈ యాటలో దూరమను మాటకు అర్థమే మారినది.

ఇక చక్రము వంకర పోవుటకు కారణమేమి? చిన్ననాడు బొంగరము త్రిప్పినవారికి ఇది కష్టము కాదు. కుడిచేతివాడు చేతిని ఱొమ్మునకడ్డముగా ఎడమవైపునకు తీసికొనిపోయి, అచ్చటనుండి ముందునకు విసరును. అప్పుడు పైనుండి చూచువారికి చక్రము గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే తిరుగును. గిరగిర తిరుగు వస్తువున కొక వింతగుణము కలదు: దాని ముక్కు నెత్తజూచినచో అది లేవక ప్రక్కకు ఒరగును. చక్రము మిక్కిలి వేగముతో పోవునప్పుడు గాలి దాని ముక్కును క్రిందికి నొక్కజూచును. అందువలన చక్రము కుడికి ఒరగును. వేగము సన్నగిల్లగనే గాలి ముక్కును పైకెత్తజూచును. అప్పుడది ఎడమకు ఒరిగి వ్రాలును. కావున సరియైన చేతినుండి వెడలిన చక్రము ముందు కొంచెము కుడికి జరిగి, తుదిని ఎడమకు మరలి, ఒక పొడుగాటి వంపు గీచి దిగును. దూరమంతయు ఆ వంపులోనే యున్నది. ఎడమచేతివారు కుడియెడమలను తారుమారు చేసికొనవలెను.

ఈ స్వభావమును తెలుపుటకై చక్రములకు నాలుగంకెలు వేయుదురు. పలుచోట్ల అవి చక్రముపైననే ముద్రింపబడియుండును. మూడవది ఆరంభమున కుడికి ఒరుగు గుణము. ఇది తరచుగా ఋణసంఖ్య, −5 వఱకు పోవును. నాలుగవది తుదిని ఎడమకు వ్రాలు గుణము, 0 మొదలు 5 వఱకు. రెండవది గాలిలో తేలియాడు నేర్పు. మొదటి దానిని వేగమందురు, 1 మొదలు 14 వఱకు నుండును. మోసపోవుట యంతయు నీ మొదటి యంకె దగ్గరనే. 12 అని యున్నచో నది పండ్రెండంతలు పోవునని పిల్లలు తలంతురు. అది చక్రము మనకిచ్చు వేగము కాదు, మన చేతినుండి అది యడుగు వేగము. ఆ వేగము నీయలేనివానికి అది కుడికి ఒరుగనే ఒరుగదు. చేయి వదలిన కొంతసేపటికే ఎడమకు తిరిగి పొదలో పడును.

డిస్ట్రాయరు అను ప్రసిద్ధ చక్రమును చూడుడు: 12, 5, −1, 3. బలవంతులైన ఆటగాండ్ర చేతిలో నది నిజముగా బ్రహ్మాస్త్రమే. షార్లట్‌లో మా ప్రక్కయింటి కుఱ్ఱవానికి, పదునాలుగేండ్లవానికి, ఒక అంగడివాడు దానినే అంటగట్టెను. వాడెంత బలముగా విసరినను నలువది మీటర్లకే కూలుచుండెను. దుక్కి నేర్చు పిల్లవానికి పొగరుబోతు కోడెను కట్టి యిత్తుమా? మెత్తని యెద్దునే యిత్తుము గదా!

అట్టి మెత్తని యెద్దులు ఈ యాటలోను గలవు. వేగము 6 మొదలు 9 లోపల, మూడవ యంకె −2 గాని −3 గాని, నాలుగవది 1, హెచ్చైన 2 ఉండవలెను. ఇన్నోవావారి లెపర్డు 6, 5, −2, 1. ఇది మధ్యదూరపు డ్రైవరు. మొదటి చక్రముగా నాకు మిక్కిలి నచ్చినది. స్వీడను దేశపు లాటిట్యూడ్ 64 వారి డైమండు 8, 6, −3, 1. తేలికగా చేయబడునది గావున స్త్రీలకు, పిల్లలకు, మావంటి ముసలివారికి అనువు. నిజముగా దూరపు డ్రైవరే కావలెనన్నచో సైడ్‌వైండరు 9, 5, −3, 1 కలదు. వాల్కిరీ 9, 4, −2, 2 కలదు. తొమ్మిదవ అంకె తక్కువని చిన్నచూపు చూడవలదు. 2002లో క్రిస్టియన్ శాండ్‌స్ట్రోమ్ అను స్వీడనువాడు వాల్కిరీని 250 మీటర్లు విసరి ఆనాటి ప్రపంచపు హద్దును నెలకొల్పెను. ఆ హద్దు తరువాత దాటబడినది. అయినను మన పిల్లలకు పండ్రెండవ అంకెతో నేమి పని?

అంకెలతో సమానముగా చూడదగినది బరువు. నియమము ప్రకారము చక్రపు అడ్డుకొలతలో సెంటీమీటరునకు 8.3 గ్రాములు మించరాదు. డ్రైవర్లు ఇంచుమించు 21 సెంటీమీటర్లుండును గావున పై హద్దు సుమారు 175 గ్రాములు. అంగడివారు ఎక్కువగా నా బరువువే పేర్చియుంతురు. అడిగి 150 మొదలు 160 లోపలిదానిని తీసికొనుడు. తేలికదానిని అలవాటులేని చేయియు వడిగా త్రిప్పగలదు, భుజమునకును శ్రమ తగ్గును. ఎదురుగాలి గట్టిగా వీచునాడు మాత్రము అది కుడికి మరింత ఒరిగి చిందులు త్రొక్కును. ఆనాడు కొంచెము బరువైనదానిని, వ్రాలు గుణము హెచ్చుగా గలదానిని వాడుదురు. ప్లాస్టికులోను భేదములు గలవు. చవుకదానికి పట్టు బాగుండును, చెట్లకు తగిలి తగిలి త్వరలో మెత్తబడి మరింత కుడికి ఒరుగ నేర్చును. ఖరీదైనది గట్టిగానుండి చిరకాలము తన స్వభావము మార్చుకొనదు. క్రొత్తవానికి చవుకదే మేలు. ఆకుపచ్చని చక్రము గడ్డిలో మాయమగును. నారింజ రంగుదో, గులాబి రంగుదో కొనుడు.

తగిన చక్రమే యైనను ఎడమకే కూలుచున్నచో తప్పు చక్రమున వెదకకుడు. విసరునప్పుడు ముక్కు పైకెత్తియుండుటయే తరచుగా కారణము. పళ్ళెమును చేతబట్టినవారు చూచుకొనుడు: మణికట్టు కొంచెము క్రిందికి వంచి, తాళపుచెవి త్రిప్పునట్లు అఱచేతిని పైకి త్రిప్పినచో పళ్ళెపు ముందుభాగము దిగును. అంతమాత్రమున చక్రము మరికొంత దూరము పోవుట నేను కన్నులార చూచితిని. పరుగెత్తి విసరుట పిదప నేర్వవచ్చును. ముందు నిలుచుండియే విసరవలెను.

కొనిన దినముననే చక్రపు అడుగున పేరును, టెలిఫోను సంఖ్యను చెరగని సిరాతో వ్రాయుడు. పొదలలో దొరికినవారు ఆ సంఖ్యకు పిలిచి తిరిగియిచ్చు మర్యాద ఆ యాటగాండ్రలో కలదు. నా చక్రముపై పేరు తెలుగుననే వ్రాసితిని. సంఖ్య అందఱికి తెలిసిన యంకెలలో నుండుటచే, చెరువుగట్టున పోయిన లెపర్డు మూడవనాడు మా యింటికి వచ్చినది.