పసిబిడ్డల చెవుడు: తైలం కన్నా ముందు పరీక్ష

“రెండేళ్లు నిండినా బాబుకు మాటలు రాలేదు. చెవిలో వేయడానికి ఏదైనా తైలం ఇవ్వండి” అని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల తల్లులు నన్ను అడుగుతూ ఉంటారు. వారికి నేను చెప్పే సమాధానమే ఇక్కడ వ్రాస్తున్నాను.

సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రంలో 28 కర్ణరోగాలను వర్ణించారు. వాటిలో బాధిర్యం, అనగా చెవుడు, ఒకటి. బాల్యంలో ప్రాప్తించిన బాధిర్యం అసాధ్యమని మన పూర్వవైద్యులే చెప్పారు. పుట్టుచెవుడులో లోపం సాధారణంగా కర్ణభేరికి ఆవల, నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలో ఉంటుంది. పైన పోసిన తైలం అక్కడికి చేరదు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చీము కారుతున్నా తైలం హాని చేస్తుంది. కనుక పసివారి చెవిలో వెల్లుల్లి కాచిన నూనె వంటివి వేయరాదు.

గుర్తించడం ఎలా?

వినికిడి లేని శిశువు కూడా తొలి నెలలలో ఊ కొడుతుంది. అందువల్ల ఇంటివారు మోసపోతారు. 6 నెలల బిడ్డ తల్లి పిలుపు వినవచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికి అత్త, తాత వంటి మాటలు రావాలి. రాకపోతే “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి” అని ఊరుకోరాదు. పళ్లెం మోగించి చూసే పరీక్షను నమ్మరాదు. బిడ్డ నీడను చూసి, అదురును గ్రహించి కూడా తిరుగుతుంది.

నెలలోపు వినికిడి పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు శిక్షణ ప్రారంభం కావాలన్నది నిపుణుల నియమం. ఓ.ఏ.ఈ., బెరా పరీక్షలను బిడ్డ నిద్రలో ఉండగా నొప్పి లేకుండా చేస్తారు. కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వినికిడి లోపం కూడా చేరి ఉంది. అంగన్‌వాడీలో విచారించండి.

కుటుంబం చేయవలసినది

ముందుగా తల్లిని నిందించడం మానాలి. గర్భిణికి సోకిన రుబెల్లా, శిశువుకు వచ్చిన తీవ్రమైన కామెర్లు, నెలలు నిండని కాన్పు, మేనరికం ఇందుకు కారణాలు కావచ్చు. వంశపారంపర్యమైన దోషం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది.

వినికిడి యంత్రం పెట్టగానే మాటలు రావు. బిడ్డ మేల్కొని ఉన్నంతసేపూ దానిని ఉంచాలి. చెవి పెరిగేకొద్దీ అచ్చు మార్పించాలి. యంత్రం చాలనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ అనే శస్త్రచికిత్స ఉంది. దాని తరువాత కూడా శిక్షణ తప్పదు. టీ.వీ. ఆపి, వెలుతురులో బిడ్డకు ఎదురుగా కూర్చుని, స్నానం, భోజనం, ఆట వేళల్లో ప్రతి వస్తువునూ పేరుతో చెప్పాలి. తండ్రి కర్మాగారంలో షిఫ్టులు చేసే ఇళ్లలో ఈ భారమంతా తల్లిపైనే పడుతుంది. నాయనమ్మ, తాతయ్య పంచుకోవాలి. సెలవు రోజున తండ్రి కూర్చోవాలి.

సైగలు నేర్పితే మాటలు రావన్న భయం వద్దు. సైగభాష కూడా సంపూర్ణమైన భాషే. మాటతోనైనా, సైగతోనైనా తొలి సంవత్సరాలలో బిడ్డకు ఒక భాష అందడం ముఖ్యం. ఈసారి టీకాకు వెళ్లినప్పుడే వినికిడి పరీక్ష గురించి అడగండి.