వేషం కట్టిన సీతాకోకచిలుక

భాద్రపదం వానలకు మా పెరట్లో కరివేప చిగుళ్లు వేసింది. వేసిన చిగురు వేసినట్టే పురుగులపాలవుతోందని మా ఆవిడ గోల. ఓ ఉదయం, వెనక రెక్కలకు తోకలూ, వాటి మీద తెల్ల మచ్చలూ, ఎర్ర చుక్కలూ గల నల్లటి సీతాకోకచిలుక ఒకటి ఆ చిగుళ్ల మీద వాలుతూ లేస్తూ కనిపించింది.

"అది కామన్ రోజ్. దాని పిల్లలు ఈశ్వరి తీగ జాతి ఆకులే తింటాయి. ఒళ్లంతా విషం, పిట్టలు ముట్టవు" అని మనవరాలికి గొప్పగా చెప్పేశాను.

"మరి కరివేపాకు మీద గుడ్డు పెడుతోందేం తాతయ్యా?" అంది.

కళ్లజోడు సవరించుకుని చూశాను. కామన్ రోజ్‌కు తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. దీని ఒళ్లు నల్లన! ఇది ఆడ కామన్ మార్మన్. తనకు విషం లేకపోయినా, ఉన్నదాని వేషం కట్టి పిట్టలను ఏమారుస్తుంది. (నన్నూ ఏమార్చింది లెండి.) మగదానికి ఈ వేషం లేదు, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరుస, అంతే. ఈ వేషాన్ని నడిపేది ఒకే ఒక్క జన్యువని 2014లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

నిమ్మ, కరివేప, మారేడు ఆకులు దీని పిల్లల భోజనం. అందుకే వానలకు చిగుళ్లు వచ్చాక వీటి సందడి ఎక్కువ. పురుగు మొదట పిట్టరెట్టలా ఉండి, పెద్దదయ్యాక పచ్చబడుతుంది. కదిపితే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన కొడుతుంది.

ఎంత చెప్పినా చారులోకి కరివేపాకు కావాలి కదా! చివరకు రాజీ కుదిరింది: గోడవైపు కొమ్మ పురుగులకు, తక్కినది వంటకు. ఆ కొమ్మ మీద ఇప్పుడు ఆరు పురుగులున్నాయి. పొద్దున్నే వెళ్లి లెక్కపెడుతున్నది మనవరాలు కాదు, మా ఆవిడే.