చేతిలో డబ్బులేక నిలిచిన ఊరు

జర్మనీలోని బవేరియాలో టౌబర్ ఏటికి పైన, గుట్ట అంచున ఉంటుంది రోటెన్‌బుర్గ్. చుట్టూ ప్రాకారం, బురుజులు, ఎర్ర పెంకుల కప్పులు, దూలాలు బయటికి కనిపించే ఇళ్లు. ఇదంతా చూసినవాళ్లు పెద్దలు ఊరిని ఎంత శ్రద్ధగా కాపాడుకున్నారో అని మురిసిపోతారు. కాపాడింది శ్రద్ధ కాదు, లేమి అని నా అభిప్రాయం. 1274లో చక్రవర్తికి తప్ప మరే ప్రభువుకూ తలవంచనక్కర్లేని నగరమై బాగానే బతికిన ఊరిది. 1618-48 నాటి ముప్ఫై ఏళ్ల యుద్ధంలో సైన్యాలు మేసిపోయాక మళ్లీ కోలుకోలేదు. 1802లో బవేరియాలో కలిసి ఉన్న హోదా కూడా పోగొట్టుకుంది. 1873లో రైలొచ్చింది గానీ, అదీ బ్రాంచి లైనే. వియన్నా లాంటి నగరాలు 19వ శతాబ్దంలో కోటగోడలు పడగొట్టి వెడల్పాటి వీధులు వేసుకున్నాయి. అలా పడగొట్టాలన్నా ఊరు గోడ దాటి పెరగాలి, చేతిలో సొమ్ముండాలి. రోటెన్‌బుర్గ్‌కు ఆ రెండూ లేవు.

స్థానికులు చెప్పే కథ వేరు. 1631లో ఊరిని పట్టుకున్న సేనాని టిల్లీ, మూడుంపావు లీటర్ల వైన్‌ను ఎవరైనా ఒక్క గుక్కలో తాగితే ఊరిని వదిలేస్తానన్నాడట. నూష్ అనే పెద్దమనిషి గటగటా తాగేశాడట. ఇది 1881లో నాటకమై ఇప్పటికీ ఆడుతోంది. కథ నిజమే అనుకుందాం. ఆ గుక్క ఊరిని టిల్లీ నుంచి తప్పించగలదు గానీ, రెండొందల ఏళ్ల తర్వాతి రోడ్ల ఇంజనీర్ల నుంచి తప్పించలేదు కదా! తర్వాత చిత్రకారులు, యాత్రికులు వచ్చారు, పాత రూపు చెడగొట్టకూడదని ఊరివాళ్లు పట్టుబట్టారు అంటారా? నిజమే. కానీ ఆ పట్టుదల, పాతదనం కూడు పెట్టడం మొదలయ్యాక వచ్చింది.

నా వాదనకు అసలు చిక్కు 1945 మార్చి 31. అమెరికన్ విమానాలు వేసిన బాంబులకు మూడొందలకు పైగా ఇళ్లు, ఆరొందల మీటర్ల మేర గోడ నేలకూలాయి. అంటే తూర్పువైపు మనం చూసేది చాలావరకు యుద్ధం తర్వాత తిరిగి కట్టింది. అలాగని దాన్ని నకిలీ అనలేను. గోడమీది నడవలో వెళ్తుంటే రాళ్లలో పొదిగిన పలకలు కనిపిస్తాయి. మరమ్మతుకు డబ్బిచ్చినవారి పేరు, కొన్నిచోట్ల ఎన్ని మీటర్లకు ఇచ్చారో ఆ లెక్క. వాటిలో జపాన్ నుంచి పంపినవారి పేర్లూ ఉన్నాయి. లేమి సిద్ధాంతం ఆ గోడ దగ్గర చెల్లదు.